అక్కర్లేని మడత

మెడ కుడివైపుకే తిరిగి ఉంది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాను, అద్దాల పెట్టె అవతలి వైపుకు వెళ్ళి అక్కణ్ణుంచీ చూశాను, కుక్క కదల్లేదు, దాని మెడా కదల్లేదు, కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి, వస్తున్నారా లేదా అన్నట్టు చూస్తూనే ఉంది. పక్కన ఎవరో కెమెరా పట్టుకుని "కాస్త జరుగుతారా అండీ" అన్నారు, నేను జరగలేదు. కాగితంతో కుక్కలు చేసేవాళ్ళు లోకంలో కోకొల్లలు, ఈ హాల్లోనే ఇంకా కుక్కలున్నాయి, ఒకదానికైతే వెంట్రుకలు కూడా మడిచాడు ఎవరో మహానుభావుడు, కానీ ఇది ఏదో ఒక కుక్క కాదు, ఇది మేస్త్రీ. మా వీధి చివర ఇల్లు కడుతున్నప్పుడు ఇసక గుట్టనెక్కి కూర్చుని రోజంతా పనివాళ్ళ మీద అజమాయిషీ చేసేదని నా తమ్ముడు దానికా పేరు పెట్టాడు. మేం బడికి బయల్దేరితే మాకంటే ముందు నడిచేది, మలుపు దగ్గర ఆగి, కుడి భుజం మీదుగా మా కోసం చూసేది. ఆ చూపును నేను చిన్నప్పుడే కాగితంలోకి మడిచాను. తమ్ముడికి తప్ప ఎవరికీ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ అచ్చు వేయించలేదు, తమ్ముడు వెళ్ళిపోయాక మళ్ళీ చేతుల్లోకి తీసుకోలేదు కూడా. ఈ కుక్కను మడవగలిగినవాళ్ళం ప్రపంచంలో ఇద్దరమే. మాలో ఒకడు ముప్ఫై ఏళ్ళ కిందట చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ఇందాక నేను నవ్వాను. అది గుర్తుకొస్తే వేరే ఎవరో నవ్వినట్టుంది. అంతర్జాతీయ ఓరిగామి ప్రదర్శన, పెద్ద పెద్ద అక్షరాలు, దాన్ని ప్రారంభించడానికొచ్చిన ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు, అదేం వింత కాదు, వచ్చీ రాగానే కత్తెర ఏదీ అన్నాడు, అదీ వింత. కాగితం మడిచేవాళ్ళ సభలో కత్తెర అడగడమా! మా పనిలో కోయకూడదు, అతికించకూడదు, ఒక్క కాగితం, రెండు చేతులు, అంతే. అందుకే నిర్వాహకురాలు, పాపం నిద్ర లేక కళ్ళు గుంటలు పడిన మనిషి, రిబ్బను బదులు గుమ్మానికి అడ్డంగా పొడుగాటి కాగితపు ముడి కట్టించింది, రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా లాగితే అదే విచ్చుకుని ఊడిపోతుంది. "మెల్లిగా సార్, మెల్లిగా" అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది, ఆయన తన పదవికి తగ్గ బలంతో ఒక్క గుంజు గుంజాడు, పర్రుమంది. దేశదేశాల జనం, ఎవరి భాష వాళ్ళది, కాగితం చిరిగిన చప్పుడుకు మాత్రం అందరి గొంతులోంచీ ఒకే మూలుగు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే లోపలికొచ్చాను, తెల్ల గోడలు, పైనుంచి దీపాలు, ఎముకలు కొరికే ఏసీ, గాలికి రెక్కలు అదిరే పక్షులు, పొలుసు పొలుసుగా మడిచిన చేపలు, గది మూలంతా ఆక్రమించిన డ్రాగను. వాటి మధ్యలో నేను పట్టుకొచ్చిన ఉల్లిపాయ. పలచటి కాగితం పొర మీద పొర, సగం ఒలిచి వదిలేసినట్టు. వీళ్ళందరూ డ్రాగన్లు తెస్తే నువ్వు ఉల్లిపాయ తీసుకెళ్తావా అని మా ఆయన వేళాకోళం చేశాడు. దాని దగ్గర ఒకామె ముక్కు వంచి వాసన చూస్తుంటే గర్వంగా ఇటు తిరిగాను. తిరిగేసరికి మేస్త్రీ నన్ను చూస్తోంది.

మా వంటింట్లో ఒక బల్ల ఉండేది, ఒక కాలు పొట్టి, దాని కింద ఎప్పుడూ అట్టముక్క. నాన్న అచ్చాఫీసులో బైండరు. పుస్తకాల అంచులు కత్తిరించగా మిగిలిన కాగితం ఇంటికి తెచ్చి, సరి చదరాలుగా కోసి, నాకొక కట్ట, వాడికొక కట్ట పెట్టేవాడు. కొయ్యడం ఆయన వంతు, మడవడం మా వంతు. నేను మడుస్తుంటే వాడు చూసి నేర్చుకునేవాడు, కానీ పక్కన కూర్చునేవాడు కాదు, ఎదురు కుర్చీలో కూర్చునేవాడు. పక్కకి రారా, తిరగేసి నేర్చుకుంటున్నావు అంటే వినేవాడా? "పక్కన కూర్చుంటే నీ మొహం కనపడదు, మొహం కనపడకపోతే తిడుతున్నావో మెచ్చుకుంటున్నావో ఎలా తెలుస్తుంది?" అనేవాడు. అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాడు. నేను నా కుడికి మడిస్తే అది వాడి ఎడమ చేతి వైపు, వాడు అటే మడిచేవాడు. పడవలూ టోపీలూ ఎటు చేసినా ఒకటే కాబట్టి బతికిపోయాయి, కుందేలు చెవి మాత్రం వాడికి ఎప్పుడూ అటు వాలేది, నత్త గుల్ల అటు తిరిగేది. నా మేస్త్రీ కుడి భుజం మీదుగా చూస్తే వాడి మేస్త్రీ ఎడమ భుజం మీదుగా చూసేది. రెండింటినీ కిటికీ గట్టు మీద పెడితే ఒకదాన్నొకటి చూసుకునేవి. అమ్మ వాటిని కదపకుండా చుట్టూ దుమ్ము తుడిచేది.

కాబట్టి ఇది వాడు చేసింది కాదు. మెడ కుడికి ఉంది, వాడి చేతికి కుడి రాదు. అంతే, ఎవరో నా ఆలోచనే సొంతంగా చేసి ఉంటారు, ఒక చదరంలోంచి కుక్క పుట్టే దారులు లెక్కపెట్టలేనన్ని ఏం లేవు, అనుకుని వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడు దీపం వెలుతురు ఏటవాలుగా పడి మెడ వెనక ఒక గీత కనిపించింది. మడిచి విప్పేసిన గీత. అది దేన్నీ పట్టి ఉంచదు, దేన్నీ తిప్పదు, అందానికీ కాదు. ఏ తెలివైనవాడూ అక్కడ మడత పెట్టడు. నేను పెట్టాను. తమ్ముడి వేళ్ళు చిన్నవి, నాలిక బయటపెట్టి నెమ్మదిగా మడిచేవాడు, నేను ప్రతి మడత తర్వాతా వాడి కోసం ఆగాలి. తొందరేం లేదురా అని పైకి అంటూ లోపల ఒళ్ళు మండిపోయేది. మేస్త్రీ మెడ దగ్గర ఒకసారి అలా ఆగి ఆగి, ఊసుపోక, వేళ్ళు ఊరికే ఉండలేక, మెడను వెనక్కొకసారి మడిచి విప్పేశాను. తల ఎత్తి చూస్తే వాడూ మడిచి విప్పేశాడు. అది కాదురా, అదూరికే, అన్నాను. "నువ్వు చేశావుగా!" అన్నాడు. ఇక వదల్లేదు. ఆ మడత పెట్టకపోతే అది మేస్త్రీయే కాదని నాతో పోట్లాడి, నా చేత కూడా ప్రతిసారీ పెట్టించాడు. ఆ అక్కర్లేని మడత ఈ గాజు పెట్టెలో, ఈ పరాయి దీపం కింద, గోటితో నొక్కిన గీతలా ఉంది.

కుడికి తిరిగిన మెడ నాది. అక్కర్లేని మడత మా ఇద్దరిదీ. ఒక్క క్షణం నా చేతుల వైపు చూసుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేనే నిద్రలో లేచి చేసి పంపించానా అనుకున్నాను. తర్వాత లెక్క తేలింది. అద్దంలో తిరగబడినదాన్ని మళ్ళీ అద్దానికి చూపిస్తే తిన్నగా అవుతుంది. నాకు ఎదురుగా కూర్చున్నవాడు ఎడమకు నేర్చుకున్నాడు. వాడికి ఎదురుగా ఎవరైనా కూర్చుంటే వాళ్ళకు మళ్ళీ కుడి వస్తుంది. అంటే ఎవరో వాడికి ఎదురుగా కూర్చున్నారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాడు దీన్ని ఎవరికీ చూపించలేదు, అంటే తర్వాత. ఆ గుమ్మం దిగిన తర్వాత. వాడు వెళ్ళిన వారంలోనే రేవు దగ్గర లాంచీ మునిగింది, ఎక్కిందెవరో తేలిందెవరో ఎవరికీ సరిగా తెలియలేదు, వాడు అందులోనే ఉన్నాడని వీధి వీధంతా నిర్ణయించేసింది, నేనూ కొన్నాళ్ళకు నమ్మాను. అమ్మ ఒక్కతే నమ్మలేదు. వీధి తలుపు గడియ వేయనిచ్చేది కాదు. దొంగలు పడతారే అంటే, పడితే పడనీ, మనింట్లో ఏముంది అనేది. అమ్మా, నువ్వే గెలిచావు, వాడు ఆ లాంచీ ఎక్కలేదు.

నిర్వాహకురాలు చిరిగిన కాగితపు ముడిని చేతుల్లో పట్టుకుని, దాన్ని ఎక్కడ పారేయాలో తెలియనట్టు తిరుగుతోంది. చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆ కుక్క ఎవరిది?"

"ఏ కుక్క? ఓ, అదా! బాగుంది కదండీ? దాని ముందు అందరూ ఆగుతున్నారు. ఆవిడ బస్సు ఎక్కడో ఆగిపోయిందట, ఇప్పుడే ఫోను చేసింది. చేసి చూపించే కార్యక్రమంలో మొదట ఆవిడే, ఈలోగా రాకపోతే నా పని అయినట్టే." నా మొహం చూసి ఆగింది. "ఏమైందండీ? మంచినీళ్ళు తెప్పించనా?"

వద్దన్నాను. ఆవిడ అంటే ఆడమనిషి. కార్డు మీద ఉన్న పేరు నాకు తెలియనిది, ఊరు తెలియనిది, పేరు కింద "ప్యాకింగ్ పని" అని ఉంది. పెళ్ళామా? కూతురా? వాడికో కూతురుంటే నేను మేనత్తను, ఇన్నాళ్ళూ మేనత్తనని తెలియకుండా బతికేశానా? అక్కడే ఉన్న కుర్చీలో కూర్చున్నాను, గుమ్మం కనిపించేలా. వేదిక మీద ముఖ్య అతిథి కాగితం గొప్పదనం గురించి కాగితం చూసి చదువుతున్నాడు. అద్దాల పెట్టెల్లో జనం నీడలు ఒకదాని మీదుగా ఒకటి పోతున్నాయి, పక్షి రెక్కల్లోంచి ఒక భుజం, డ్రాగను మీదుగా ఒక నుదురు, ప్రతి నుదురూ వాడిదే. ఇదేం కొత్త కాదు. బస్సు కిటికీల్లో, ఆసుపత్రి వరండాల్లో, వాన వస్తే ఒకే చూరు కింద నిలబడ్డ మగవాళ్ళ వీపుల్లో వాడు కనిపిస్తూనే ఉంటాడు, నాకు అలవాటైపోయింది. కానీ ఎప్పుడూ పదిహేడేళ్ళవాడే కనిపిస్తాడు. ఇవాళ మొదటిసారి వాడికి వయసు పెట్టి చూడాల్సి వచ్చింది. నలభై దాటి యాభైకి దగ్గర. జుట్టు ఉందా ఊడిందా? నాన్నకు ఊడింది. పొట్ట వచ్చిందా? కళ్ళజోడు పెట్టుకుని, నాలిక బయటపెట్టి మడుస్తాడా ఇప్పటికీ? అద్దంలో కనిపించే ప్రతి పెద్దమనిషినీ అలా కొలుస్తూ కూర్చుంటే ఒకాయన ఇబ్బందిగా చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు కొట్లాట పెద్దదేం కాదు. పరీక్ష తప్పాడు, నాన్న చెయ్యి చేసుకున్నాడు, ఆ కాలంలో చెయ్యి చేసుకోని నాన్న ఎక్కడున్నాడు? వాడు లేచి వెళ్ళాడు. వచ్చేస్తాడులే అన్నాం, అన్నం మీద మూత పెట్టాం. నాన్న ఆ తర్వాత దాని గురించి నోరు విప్పలేదు, కానీ చదరాలు కోయడం మానలేదు. పింఛను పుచ్చుకునేదాకా, ప్రతి వారం, రెండు కట్టలు. నాకొకటి, ఎదురు కుర్చీ ముందొకటి. ఆ కట్ట ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, అది పెరిగి పెరిగి అటక మీదకు చేరింది. నాకు పెళ్ళయింది, పిల్లలకు కాగితం మడవడం నేర్పే పంతులమ్మనయ్యాను, నాన్న పోయాడు, అమ్మ పోయింది, ఇల్లు కొన్నవాళ్ళు ఆ తలుపుకు గడియ వేసుకున్నారు. నేను మాత్రం ఇప్పటికీ ప్రతి మడత తర్వాతా ఆగుతాను. ఒంటరిగా మడుస్తున్నా సరే, మడిచి, నొక్కి, చేతులు బల్ల మీద పెట్టి ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూస్తాను. "ఎవరున్నారని ఆగుతావు?" అన్నాడు మా ఆయన పెళ్ళైన కొత్తలో. ఎవరున్నారో తెలిశాక మళ్ళీ అడగలేదు. ఆ కుర్చీలో తను కూడా ఎప్పుడూ కూర్చోడు.

వస్తే ఏమడగాలి? ఎక్కడ చచ్చాడు ఇన్నాళ్ళూ అని అడగాలి. ఒక ఉత్తరం ముక్క రాయడానికి ఏం రోగమని అడగాలి. అమ్మ పోయిందని చెప్పాలి, ఎలా చెప్పాలి, ఫోనులోనా? కాదు, వాడుండే చోటికే వెళ్తాను, ఆవిడతో అదే బస్సెక్కి వెళ్తాను, వాడు తలుపు తీస్తాడు, ముందు చెంప పగలగొడతాను. కాదులే, ఆ పని చేసే వాణ్ణి పోగొట్టుకున్నాం. ఉల్లిపాయ ఇచ్చేస్తాను. ఏమిటే ఇది, అందరూ డ్రాగన్లు చేస్తే, అంటాడు. గుమ్మంలో ఎవరో కదిలారు, కాదు, మంచినీళ్ళ సీసాలు మోసుకొచ్చిన మనిషి. అప్పుడు నాకొక పాడు ఆలోచన వచ్చింది, ఆ బస్సు ఇంకాసేపు ఆగిపోతే బాగుండు. ఆవిడ రానంతసేపూ వాడు బతికే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళలో వాడు బతికి ఉన్నది ఈ కాసేపే, ఈ చల్లటి గదిలోనే, ఇక్కడ వాడికి జుట్టుంది, పొట్టుంది, కూతురుంది. ఆవిడ లోపలికొచ్చి ఒక్క మాట అంటే చాలు, ఇటో అటో అయిపోతుంది. రావద్దు తల్లీ, కాసేపు రావద్దు, అనుకున్నాను, అనుకుంటూనే గుమ్మం మీంచి చూపు తిప్పలేకపోయాను.

వచ్చింది. భుజాన సంచీ, చెమటకు నుదుటికి అతుక్కున్న జుట్టు, పాతికేళ్ళుంటాయేమో, కనిపించిన ప్రతివాళ్ళకూ క్షమాపణ చెప్పుకుంటూ వస్తోంది. మొహంలో మా నాన్న ముక్కు ఉందేమోనని వెతికాను, లేదు. నాకు తెలియకుండానే వెళ్ళి దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ కుక్కను నీకు ఎవరు నేర్పారమ్మా?"

"మా ఎడమాయనండీ," అంది, ఆ ప్రశ్న బోలెడుసార్లు విన్నదానిలా నవ్వి. "మాది గాజు దీపాలు ప్యాక్ చేసే షెడ్డండీ. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటాం. నేను పనిలో చేరినప్పట్నుంచీ ఆయన నాకు ఎదురుగానే. టీ టైములో ప్యాకింగ్ కాగితంతో ఇవన్నీ మడిచేవాడు. ఏం చేసినా ఎడమకే తిరిగేది, అందుకని అందరం ఎడమాయన అనేవాళ్ళం. ఈ కుక్కనైతే మేస్త్రీ అనేవాడు, ఎందుకంటే చెప్పేవాడు కాదు."

అనేవాడు. చెప్పేవాడు కాదు. నేర్పే పంతులమ్మను, మాటల చివర్లు నాకు వినపడకుండా ఎలా ఉంటాయి? అయినా అడిగాను.

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

ఆమె నవ్వు ఆగింది. సంచీ భుజం మీంచి దించి నేల మీద పెట్టింది. "పోయాడండీ. పోయినేడు, వానల్లో. ఊపిరి అందేది కాదు చాన్నాళ్ళుగా. మేమే షెడ్డువాళ్ళం దగ్గరున్నాం. ఎవరూ లేరనేవాడు, మడిచేటప్పుడు మాత్రం అక్క మాట వచ్చేది." నన్ను ఎగాదిగా చూసింది, తర్వాత నా చేతుల వైపు చూసింది, చాలాసేపు చూసింది. "మీరు వాళ్ళ అక్కా?"

తల ఊపాను. ఏడుపు రాలేదు. వాడు రెండోసారి పోయాడు, మొదటిసారికి ఏడ్చేశాను, రెండోసారికి ఎలా ఏడవాలో ఎవరూ నేర్పలేదు. పోయినేడు వానల్లో నేనేం చేస్తున్నాను? ఉల్లిపాయ మొదలుపెట్టాను. కిటికీ పక్కన కూర్చుని, పొర మడిచి, ఎదురు కుర్చీ వైపు చూసి, ఆగి, ఇంకో పొర మడిచి. ఎప్పుడైనా ఇంటికి వెళ్ళాలని ఉండేదా అని అడిగాను.

"ఒకసారి వెళ్ళాడటండీ, చాన్నాళ్ళ కిందట, రాత్రి బస్సుకు. మలుపు దాకా వెళ్ళి వచ్చేశానమ్మా అనేవాడు. తెల్లవారకుండానే వీధి తలుపు తీసి ఉందట. నా కోసమే తెరిచి పెట్టారని తెలిసిపోయింది, ఇక సిగ్గేసింది, మూసి ఉంటే తట్టేవాణ్ణి అన్నాడు."

అమ్మా.

మైకులో ఆమె పేరు పిలిచారు. నిర్వాహకురాలు దూరం నుంచి చేతులూపుతోంది. హాలు మధ్యలో ఒక బల్ల, పైన కెమెరా, రెండు కుర్చీలు, ఒకటి చేసేవాళ్ళకు, ఇంకొకటి చూసి నేర్చుకునేవాళ్ళెవరైనా ముందుకొస్తే వాళ్ళకు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. తీసుకెళ్ళి ఆ రెండో కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని, సంచీలోంచి గోధుమరంగు ప్యాకింగ్ కాగితం తీసి, నాకొక చదరం, తనకొక చదరం పెట్టింది. జనం చుట్టూ మూగారు. నేను ముప్ఫై ఏళ్ళుగా ముట్టని కుక్కను వేళ్ళు మర్చిపోలేదు. మూల మూలకు కలిపాను, ఆమె కూడా కలిపింది. వీపు, కాళ్ళు, తోక. ప్రతి మడత తర్వాతా ఇద్దరం ఒకేసారి ఆగుతున్నాం, ఇద్దరం ఒకేసారి తల ఎత్తుతున్నాం, వాడి అలవాటు ఆమెకు, నా అలవాటు వాడికి. ఆమె తల కొంచెం కిందికి వంచినప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో నాకు కచ్చితంగా తెలియడం లేదు.

మెడ దగ్గరకొచ్చాం. ఆమె మెడను వెనక్కి మడిచి, విప్పి, గీత మీద గోరు ఆనించి, చేతులు బల్ల మీద పెట్టింది. నా వేళ్ళు కదల్లేదు. కాగితం ఎక్కడుందో కనపడటం లేదు, కళ్ళజోడు తడిసిపోయింది.

"ఈ మడత అక్కర్లేదు కదా," అన్నాను.

"నేనూ అదే అన్నానండీ. ఇది దేనికీ పనికిరాదు, తీసేద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. ఇక్కడ మా అక్క నా కోసం ఆగుతుంది, ఇది తీసేస్తే తను వెళ్ళిపోతుంది అన్నాడు."

ఎవరో దగ్గారు. నేను మెడ పట్టుకున్నాను, జారింది, మళ్ళీ పట్టుకున్నాను. ఆమె చేతులు బల్ల మీదే ఉన్నాయి. నా మొహంలోకి చూస్తోంది.

"తొందరేం లేదు," అంది, "మడవండి."